పక్షవాతం తర్వాత బలం ఎలా వస్తుంది: ఒక కుర్చీ, ఆరు చెక్కలు, మా పెదనాన్న

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పొడుగు. మీ ఇంట్లో పక్షవాతం వచ్చినవాళ్లు ఉంటే ఇయర్‌ఫోన్స్ తీసేసి, వాళ్ల పక్కన కూర్చుని, స్పీకర్ పెట్టి వినండి. వాళ్లూ వినాల్సిన మాటలే ఇవి.

నేను ఫిజియోథెరపిస్టుని అని మీకు తెలుసు. పక్షవాతం తర్వాత ఏ వ్యాయామం చేయాలి, ఎన్నిసార్లు చేయాలి అని నన్ను అడుగుతూనే ఉంటారు. ఫోన్‌లో వీడియోలు చూసి చేయిస్తున్నామని చెబుతారు, ఏం చేయిస్తున్నారంటే బంతి నొక్కించడం, నూనె రాసి మర్దన, కాలు పట్టుకుని పైకీ కిందకీ ఊపడం. వాళ్లని తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఎందుకంటే మా సొంత పెదనాన్నకి నేను మూడు నెలలు చేసింది కూడా అదే. ఆ సంగతి ముందు చెప్పేస్తాను.

మా పెదనాన్న టైలరు. తెనాలి దగ్గర ఊళ్లో చిన్న కొట్టు. ఒక సంక్రాంతికి ముందు, బట్టలు గుట్టలుగా పడి ఉన్న రోజుల్లో, పొద్దున్నే లేచేసరికి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి, మాట ముద్దగా అయిపోయింది. మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. ఆస్పత్రిలో పది రోజులుండి ఇంటికొచ్చారు. ఇంట్లో నేనున్నాను కదా, బయట ఫిజియోథెరపీ దేనికి అనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను.

నేను ప్రతి ఆదివారం వెళ్లి చేయీ కాలూ మెల్లగా వంచి, చాచి, గంటసేపు కదిలించేవాణ్ణి. మిగతా రోజుల్లో మా పెద్దమ్మ అలాగే చేసేది. పెదనాన్న తనంతట తాను కాలు బిగించి లేపబోతే నేనే ఆపేవాణ్ణి. "వద్దు పెదనాన్నా, బలవంతంగా చేస్తే కాలు బిగుసుకుపోద్ది" అనేవాణ్ణి. కాలేజీలో మాకు అలాగే చెప్పారు మరి.

మూడో నెలలో ఒక రాత్రి. పెద్దమ్మ ఆయన్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లి కమోడ్ మీద కూర్చోబెట్టింది. తర్వాత లేపలేకపోయింది. ఆయన లేవలేకపోయాడు. ఈమెకి నడుంనొప్పి, ఆయన మనిషి బరువు. నలభై నిమిషాలు అలాగే కూర్చున్నాడు. చివరికి పక్కింటి కుర్రాణ్ణి లేపి తీసుకొచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, ఊళ్లో సగం మంది చొక్కాలు కుట్టిన మనిషి, ఆ కుర్రాడు తనని ఆ స్థితిలో చూశాడని నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రమైతే మంచినీళ్లు తాగడం మానేశాడు. రాత్రి లేవాల్సి వస్తుందని.

నేను మా సీనియర్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఏ మందులూ అడగలేదు, స్కాన్ అడగలేదు. "నిన్న ఆయన కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచాడు?" అని ఒక్కటే అడిగింది. నేను లెక్క వేసుకున్నాను. సొంతంగా ఒక్కసారి కూడా లేవలేదు. మొన్న కూడా లేదు. మూడు నెలల్లో ఆ కాళ్ల మీద ఆయన బరువు సరిగా పడిన సందర్భమే లేదు.

సరే, ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. పక్షవాతంలో కండరం చచ్చిపోదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మోటారు బాగానే ఉంది, వైరూ ఉంది, స్విచ్ బోర్డు దగ్గర దెబ్బతింది, అంతే. మెదడు నుంచి 'బిగించు' అనే ఆజ్ఞ తక్కువగా, ఆలస్యంగా, తప్పుగా దిగుతోంది. అది మొదటి బలహీనత. రెండోది మనం చేజేతులా తెచ్చిపెట్టేది. వాడకపోతే కండరం నిజంగానే సన్నబడిపోతుంది. చేయి విరిగి పిండికట్టు విప్పినప్పుడు చూశారా, ఆ చేయి ఎంత సన్నగా అయిపోతుందో? అలాగే. ఇంకో మాట, మంచం పట్టిన మనిషికి పడిపోని వైపు కూడా బలం తగ్గుతుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

మర్దన వల్ల హాయిగా ఉంటుంది, కాదనను. మనం కాలు పట్టుకుని కదిలిస్తే కీళ్లు పట్టేయకుండా ఉంటాయి, అది కూడా అవసరమే. కానీ బలం రాదు. మర్దనలో బలం పెరిగేది చేసేవాడి చేతులకే! ఆజ్ఞ పుట్టాల్సింది రోగి మెదడులో, బిగుసుకోవాల్సింది రోగి కండరం. ఆయన ముఖంలో కష్టం కనపడకపోతే అక్కడ బలం పెరగడం లేదని అర్థం. పావురం మాంసం పెట్టినా, పావురం రక్తం పూసినా ఈ లెక్క మారదు. మా పెదనాన్నకి కూడా మొదటి నెలలో ఎవరో రెండు పావురాలు తెచ్చిచ్చారు. నేను పెద్దగా పోట్లాడలేదు, పెద్దమ్మ మనసు అలా ఉంది అప్పుడు.

మరి 'బలవంతంగా చేస్తే బిగుసుకుపోతుంది' అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? లండన్‌లో బాబత్ దంపతులని ఉండేవారు. 1940ల నుంచి వాళ్లు తయారుచేసిన పద్ధతి ప్రపంచమంతా పాకింది. పక్షవాతం వచ్చినవాళ్లని మూలన పడేయకుండా చేత్తో పట్టుకుని కదలిక నేర్పించిన వాళ్లు, గొప్పవాళ్లే. కానీ శ్రమపెట్టి బలం చేయిస్తే బిగుతు పెరుగుతుందని వాళ్లు భయపడ్డారు. ఆ భయం పాఠమైంది, పాఠం నా దాకా వచ్చింది. తర్వాత చాలామంది దీన్ని పరీక్షించి చూశారు. 2006లో ఆస్ట్రేలియాలో లూయిస్ ఆడా, సిమోన్ డార్ష్, కొలీన్ కానింగ్ అనే ముగ్గురు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూశారు. బలం పెంచే వ్యాయామాలతో బలం పెరిగింది, పనులు చేసుకోవడం కొంత మెరుగైంది, బిగుతు మాత్రం పెరగలేదు. అద్భుతాలేమీ జరగలేదు, పెరిగింది కొంచెమే. కానీ ఆ కొంచెం ఎక్కడ పడుతుందన్నదే ముఖ్యం. కమోడ్ మీంచి లేవగలగడానికీ లేవలేకపోవడానికీ మధ్య ఉండేది చాలాసార్లు ఆ కొంచెమే.

మీ ఇంట్లో మనిషికి ఎంత బలం ఉందో తెలియాలంటే మేము 0 నుంచి 5 దాకా ఒక కొలత వాడతాం. ఏ కదలికా లేకపోతే 0. చేయి పెట్టి చూస్తే కండరం చిన్నగా అదిరితే 1. బల్ల మీద పెట్టి జరిపితే జరుగుతుంది కానీ గాల్లోకి లేవదు అంటే 2. సొంత బరువుని పైకి లేపగలిగితే 3. మనం కొంచెం అడ్డుపెట్టినా లేపగలిగితే 4. మామూలు బలం 5. దీన్ని బట్టే పని మారుతుంది. 2లో ఉన్న చేతికి డంబెల్ ఇస్తే ఏం లాభం? నున్నటి బల్ల మీద కాస్త టాల్కం పౌడర్ చల్లి, చేయి దాని మీద పెట్టి ముందుకు జరపమనండి. అదే ఆ చేతికి బరువులెత్తడం. 3 దాటిన కాలికి మాత్రం ఉత్తినే ఊపడం సరిపోదు, దానికి బరువు కావాలి. 0, 1 దగ్గర కూడా 'నేను బిగిస్తున్నాను' అని మనిషి ప్రయత్నిస్తూ ఉండాలి. కరెంటు మిషన్ పెట్టించినా దానికి తోడు ప్రయత్నం చేయాలి, మిషన్ పెట్టుకుని సీరియల్ చూడటం కాదు.

స్మైలీ బంతి సంగతి అడుగుతారు ఎప్పుడూ. చాలామందికి వేళ్లు ముడుచుకునే వైపు ఎలాగూ లాగుతూ ఉంటాయి. లోటు తెరవడంలో ఉంటుంది. బంతి నొక్కడం కన్నా పట్టుకున్న గ్లాసుని వదలడం కష్టం, అందుకే అది నేర్పించాలి.

ఇక కుర్చీ సంగతి. ఏ కుర్చీలోంచైనా లేవడం ఎంత కష్టమనేది దాని ఎత్తుని బట్టి ఉంటుంది. ఎత్తు కుర్చీ సులువు, పల్లపు కుర్చీ కష్టం. సోఫాలో కూరుకుపోయిన తాతగార్లని చూడండి, తెలుస్తుంది. అంటే కుర్చీ ఎత్తు తగ్గించుకుంటూ పోవడమంటే జిమ్‌లో బరువు ప్లేట్లు పెంచుకుంటూ పోవడమే.

పెదనాన్న తన మెడలో టేపు తీసి, ఎడమచేత్తో పట్టుకుని, కమోడ్ ఎత్తు కొలవమన్నాడు నన్ను. 16 అంగుళాలు. అదే మన గమ్యం అనుకున్నాం. ఆయన ఎవరి సాయం లేకుండా ఎంత ఎత్తు నుంచి లేవగలడో చూస్తే 22 అంగుళాలు వచ్చింది, అంటే దాదాపు మంచం అంచు మీద కూర్చున్నంత ఎత్తు. వడ్రంగి దగ్గర అంగుళం మందం ఉన్న చెక్కలు ఆరు కోయించాం. చేతులున్న గట్టి చెక్క కుర్చీ, గోడకి ఆనించి, జారకుండా. 16 అంగుళాల కుర్చీ మీద ఆరు చెక్కలు పెట్టి, అవి కదలకుండా నవారుతో గట్టిగా కట్టాం. ఒక్కో చెక్క తీస్తే ఒక అంగుళం కష్టం.

ఎలా లేవాలో చెబుతా, ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ముందు అంచుకి జరగాలి. పాదాలు మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి రావాలి. పడిపోయిన వైపు పాదాన్ని మంచి పాదం కన్నా కాస్త వెనక పెట్టించండి. అలా పెడితే ఆ కాలు తప్పించుకోలేదు, బరువు దాని మీద కూడా పడుతుంది. లేకపోతే మంచి కాలే మొత్తం పని చేసేస్తుంది, మనకి లేచినట్టే కనిపిస్తుంది. తర్వాత ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి, అప్పుడు లేవాలి. చాలామంది వెనక్కి వాలి లేవబోయి కూలబడతారు. కూర్చునేటప్పుడు ధబ్బున పడొద్దు. నాలుగు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోవాలి, దిగడంలో కూడా కండరానికి బోలెడు పని ఉంటుంది. పక్కన మనిషి ఉండాలి, బలహీనమైన వైపు నిలబడాలి, పట్టుకుంటే నడుం బెల్టు పట్టుకోవాలి. చేయి పట్టి లాగకూడదు.

మొదటిరోజు ఐదుసార్లు లేచాడు. చెమటలు పట్టాయి. "ఒరేయ్, కోటు కుట్టినా ఇంత అలుపు రాలేదురా" అన్నాడు. గోడ మీద తన మార్కింగ్ సుద్దతో ఐదు గీతలు గీయించుకున్నాడు. ఒక విడతకి 10 నుంచి 15 సార్లు, మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి, అలా రెండుమూడు విడతలు. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. 15 సులువుగా వస్తే ఒక చెక్క తీసేయడమే. ఇలా గట్టిగా కష్టపెట్టే వ్యాయామం వారానికి మూడు రోజులు, మధ్యలో కండరానికి ఒకరోజు తెరిపి. మామూలుగా లేవడం, నిలబడటం, నడవటం మాత్రం రోజూ.

ఈ చెక్కలు తీసే లెక్క నేను కనిపెట్టింది కాదులెండి. థామస్ డెలార్మ్ అని అమెరికా సైన్యంలో డాక్టరు ఉండేవాడు. కుర్రతనంలో ఆయనకే జబ్బు చేసి నెలల తరబడి మంచంలో ఉంటే, తర్వాత బరువులెత్తి కోలుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులతో ఆస్పత్రి నిండిపోయింది. అప్పటిదాకా తేలికపాటి వ్యాయామాలు వందలసార్లు చేయించేవారు. ఈయన బరువు పెట్టించి, తక్కువసార్లు చేయించి, బలం పెరిగేకొద్దీ బరువు పెంచుతూ పోయాడు. 1945లో ఆ పద్ధతి గురించి రాశాడు. ఇవాళ మీరు జిమ్‌లో 'మూడు సెట్లు' అంటున్నారే, ఆ మాట వెనక ఆస్పత్రి ఉంది. మరి ఆస్పత్రిలో పుట్టిన పద్ధతి జిమ్‌కి వెళ్లిపోయి, పక్షవాతం వచ్చినవాళ్లకి మాత్రం మర్దన మిగలడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

ఆగండి, భయపెట్టాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. స్ట్రోక్ వచ్చిన మొదటిరోజే ఇవన్నీ మొదలుపెట్టేయొద్దు. 2015లో అవర్ట్ అనే పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి, రెండు వేలకి పైగా రోగులు. మొదటి 24 గంటల్లోనే ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపి తిప్పినవాళ్లు మిగతావాళ్ల కన్నా తక్కువ కోలుకున్నారు. కాబట్టి ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్పాలి. బీపీ అదుపులో ఉండాలి. వ్యాయామం చేసేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఎగిరిపోతుంది. అందుకే నేను అంకెలు పైకి లెక్కపెట్టిస్తాను, మాట్లాడే మనిషి ఊపిరి బిగబట్టలేడు కదా. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం వస్తే ఆపేయాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, కొత్తగా చేయి పడిపోయినా అలసటేమో అనుకుని పడుకోబెట్టకండి, ఆస్పత్రికి పరుగెత్తండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు.

భుజం గురించి ఒక్కమాట. తలుపు పైన కప్పీ కట్టి తాడుతో పడిపోయిన చేతిని పైకి లాగించడం చాలా ఇళ్లల్లో చూశాను. తీసేయండి దాన్ని, ఈరోజే. పట్టులేని భుజాన్ని అలా లాగితే నొప్పి పట్టుకుంటుంది, నొప్పి వచ్చిన చేతితో ఇక మనిషి ఏ వ్యాయామమూ చేయడు.

వెన్నుపాము దెబ్బ తిన్నవాళ్ల గురించి కూడా చెప్పాలి. మీలో బైకు మీద పడ్డ స్నేహితులున్నవాళ్లు, చెట్టు మీంచో మేడ మీంచో పడ్డ బంధువులున్నవాళ్లు ఉంటారు. అక్కడ లెక్క కొంచెం వేరు. దెబ్బ పూర్తిగా తెగినట్టయితే దాని కింద కండరాలకి వ్యాయామంతో బలం రాదు, అబద్ధం చెప్పను. కానీ పైన మిగిలిన ప్రతి కండరం రెండు మనుషుల పని చేయాలి. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారాలంటే మోచేయి చాచే కండరం కావాలి. అది ఉంటే చేతులు నొక్కి ఒళ్లు లేపుకోగలరు, లేపుకోగలిగితే పిరుదుల మీద పుండ్లు పడకుండా కాపాడుకోగలరు. సర్ లుడ్విగ్ గుట్‌మన్ ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో 1944 నుంచి ఇదే చేశాడు. అంతకుముందు ఇలాంటి సైనికులు పుండ్లతో, మూత్రం ఇన్ఫెక్షన్లతో చనిపోయేవారు. 1948లో పదహారు మంది చేత ఆస్పత్రి పచ్చికలో విలువిద్య పోటీ పెట్టించాడు. బాణం లాగాలంటే భుజాలకీ వీపుకీ బలం కావాలి మరి. ఆ పోటీయే పెరిగి పెరిగి పారాలింపిక్స్ అయింది.

మన దగ్గర? మనవాళ్లు వేలూరు వెళ్తుంటారు కదా వైద్యానికి. అక్కడ సీఎంసీలో పునరావాస విభాగం మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్న మనిషి. చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది.

రెండు జాగ్రత్తలు, ఇవి చాలామంది చెప్పరు. మెడ దగ్గర దెబ్బతిని, మణికట్టు పైకి లేస్తుంది కానీ వేళ్లు కదలవు అనేవాళ్లుంటారు. వాళ్ల వేళ్లు ముడుచుకుపోతున్నాయని మణికట్టునీ వేళ్లనీ ఒకేసారి వెనక్కి పూర్తిగా సాగదీయకండి. ఆ కాస్త బిగుతే వాళ్ల పట్టు. మణికట్టు పైకి లేపితే వేళ్లు వాటంతట అవే ముడుచుకుని చెంచానో, ఫోనో పట్టుకుంటాయి. ఇక్కడ బలం పెంచాల్సింది మణికట్టుకి. రెండోది, ఛాతీ మధ్యభాగం నుంచి పైన దెబ్బ ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, పైన చెమటలు, ముఖం ఎర్రబడటం వస్తే బీపీ ప్రమాదకరంగా పెరిగిందని అనుమానించాలి. వెంటనే నిటారుగా కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, మూత్రం గొట్టం మడతపడిందేమో చూడండి. చాలాసార్లు కారణం అదే. తగ్గకపోతే క్షణం ఆగకుండా ఆస్పత్రికి.

పెదనాన్న దగ్గరికి వస్తే, ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. మొదటి రెండు చెక్కలు నెలలో పోయాయి. మూడోది ఆరు వారాలు కదల్లేదు. ఒకరోజు కోపంతో సుద్ద విసిరేశాడు కూడా. మధ్యలో జ్వరం వచ్చి పది రోజులు ఆపితే ఒక చెక్క మళ్లీ పెట్టాల్సి వచ్చింది. శ్రావణమాసంలో ఆఖరి చెక్క తీశాం. ఆ రాత్రి బాత్రూమ్‌కి ఒక్కడే వెళ్లి వచ్చాడు. పెద్దమ్మ తలుపు బయటే నిలబడి ఉంది, ఆయనకి తెలియకుండా.

కుడిచేయి పెద్దగా రాలేదు. మిషన్ మీద కుట్టలేడు. కొట్లో కుర్రాడు కుడతాడు, ఈయన కొలతలు చెబుతూ కూర్చుంటాడు, కస్టమరు వస్తే లేచి నిలబడతాడు. ఆ గోడ మీద గీతలు ఇంకా ఉన్నాయి. మొన్న దసరాకి వెల్ల వేయిస్తూ ఆ గోడ మాత్రం వదిలేయమన్నాడు.

చేయి గురించి చాలా ఉంది, వచ్చే ఎపిసోడ్‌లో చెబుతాను. ఈలోపు మీరు చేయాల్సిందొకటి. టేపు తీసుకుని మీ ఇంట్లో కమోడ్ ఎత్తు, మంచం ఎత్తు, మీవాళ్లు రోజూ కూర్చునే కుర్చీ ఎత్తు కొలవండి. మూడు అంకెలూ కాగితం మీద రాసుకుని, మీ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు చూపించండి.